సగం తొట్టి నీళ్ళు

హిమి,
1966 అక్టోబరు 20

సుగి వదినకి,

నువ్వు పంపిన పార్సెలు మొన్న అందింది. యాయె గురించి ఏదో ఒక్క ముక్క రాశానని బొమ్మే పంపేస్తావా? పిల్ల మా అన్నయ్య మనవరాలు, ఈ ఏడే బడిలో వేశారు. బడి వదలగానే నా దగ్గరికే పరుగెత్తుకొస్తుంది. నీ బొమ్మ పొట్ట నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకి రావడం చూసి, "మామ్మా, దీనికి ఎముకల్లేవే" అని ఒకటే నవ్వు. మనం చేసిన బొమ్మల్ని అలా నొక్కి ఉంటే టప్పున పగిలి ఊరుకునేవి.

నా పని ఎప్పటిదే. వలలు బాగుచేయడం. ఇక్కడ నూలు వలలు పోయి అన్నీ నైలాన్‌వే అయ్యాయి. నూలు వలని బెరడు కషాయంలో ఉడకబెట్టకపోతే కుళ్ళిపోయేది. నైలాన్‌కి ఆ బాధ లేదు. కాని దానికి ఎండ పడదు. రోజూ ఎండలో వదిలేస్తే పెళుసెక్కి పట్టుకుంటే తెగుతుంది. నీడన ఆరేయమంటే మా అన్నయ్య, "చేపలకి లేని నీడ వలకెందుకే" అంటాడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు.

వదినా, ఇంకో సంగతి. నవ్వకుండా చదువు.

మిచి బొమ్మ ఉంది కదా, మొమో. మన బొమ్మల షెడ్డు కాలిన మర్నాడు సందులో దొరికిందని నువ్వే తెచ్చి నా ఒళ్ళో పెట్టావు. మామూలు సెల్యులాయిడ్ కాదు, యజమాని నమూనాకి చేయించిన ఎసిటేట్ బొమ్మ, అది భగ్గుమనదు, అందుకే మంటలోంచి బయటపడింది అన్నావు. నా చిట్టి కూతురు కాలిపోతూ కూడా దాన్ని బయటికి విసిరేసిందని అనుకుంటూ ఈ పదకొండేళ్ళూ బతికాను. సముద్రపు చెమ్మ తగలకూడదని వినైల్ కాగితంలో గట్టిగా చుట్టి బట్టల పెట్టె అడుగున దాచాను. యాయె బొమ్మని పెడదామని మొన్న పెట్టె తీశాను.

మొమోకి చెమట పట్టింది. నుదుటి మీద, కళ్ళ కింద, చిన్న చిన్న బొట్లు. తుడిస్తే గంటలో మళ్ళీ వచ్చాయి. గదంతా కర్పూరం వాసన. మిచి తల వాసన అదే కదా. షెడ్డులో పుట్టి షెడ్డులో పెరిగింది, ఎన్నిసార్లు తల రుద్దినా ఆ కర్పూరం పోయేది కాదు.

అది నా దగ్గరికి వస్తోందేమో వదినా. నాకు భయం వేయడం లేదు. అదే నాకు వింతగా ఉంది.

నీ మరదలు,
కినూ

*

యోత్సుగి, టోక్యో,
నవంబరు 6

కినూ,

నవ్వొద్దన్నావు కాబట్టి నవ్వలేదు. కాని మా తమ్ముడి కూతురు దయ్యమై రావాలనుకుంటే నీ పాత బట్టల పెట్టెలో ఎందుకు దూరుతుందే? తిన్నగా మిఠాయి కొట్టుకి పోతుంది.

ఆ చెమట సంగతి నేను చెబుతాను విను. ఇవన్నీ మనిషి వండినవే అయినా మనిషిలాగే గాలి కావాలి వీటికి. వినైల్ కాగితంలో బిగించి చుడితే లోపల పుట్టిన ఆవిరి లోపలే తిరిగి దాన్నే తింటుంది. నువ్వు ప్రేమతోనే చుట్టావు, కాదనను, కాని ఊపిరాడకుండా చేశావు. ముందు ఆ కాగితం పీకి పారెయ్. పలచని తెల్ల కాగితం వేసిన అట్టపెట్టెలో, మూత బిగించకుండా, చల్లటి చోట పెట్టు. బట్టకి గుండుసూదులుంటే తీసెయ్, తుప్పు పడుతుంది. యాయె బొమ్మకి దూరంగా ఉంచు. వీటి జబ్బు పక్కవాటికి అంటుకుంటుంది. పొయ్యి ఉన్న గదిలో మాత్రం పెట్టకు.

యాయె బొమ్మది వేరే తత్వం. అది మెత్తగా ఉండటానికి కలిపిన నూనె మెల్లమెల్లగా పైకి ఊరుతుంది, జిగురవుతుంది. గోరువెచ్చటి సబ్బునీళ్ళతో కడిగితే చాలు. లక్క పెట్టె మీద కూర్చోబెట్టకండి, అతుక్కుపోతుంది. పిల్ల దాని మొహం మీద పెన్నుతో గీస్తే ఇక అంతే, సిరా లోపలికి దిగిపోతుంది, ఆ దేవుడొచ్చినా తీయలేడు.

నేనిప్పుడు అవే చేస్తున్నా. రాగి అచ్చులో వినైల్ పాలు పోసి, కాగే నూనెలో ముంచి, వేడివేడిగా ఉండగానే పటకారుతో లోపలి బొమ్మని బయటికి లాగాలి. పురుడు పోసినట్టే ఉంటుంది. రోజుకి నాలుగు వందల పురుళ్ళు. మంత్రసానికైనా నా అంత పేరు ఉండదు.

ఇక కర్పూరం అంటావా, నీకు తగిలింది వెనిగర్ వాసన అయ్యుంటుంది. ఎసిటేట్ ముసలిదైతే ఆ పులుపు వాసనే వేస్తుంది. చేపల మధ్య కూర్చుని కూర్చుని నీ ముక్కు పాడైంది.

సుగి

*

హిమి,
డిసెంబరు 11

సుగి వదినకి,

నిన్నంతా ఉరుములు. బూరి చేపల్ని లేపే ఉరుములివి, ఇక వలలకి విశ్రాంతి ఉండదు. అన్నయ్య పడవ నిండా తెచ్చాడు. నీకు ఎండబెట్టిన ముక్కలు పంపుతున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. కాగితం తీశాను, సూదులు తీశాను. సూదులకి పచ్చగా చిలుము పట్టింది. పక్కనే ఉన్న యాయె బొమ్మ గౌను ఒక వైపంతా వెలిసిపోయి, పట్టుకుంటే పొడిపొడిగా చిరిగింది. జబ్బు అంటుకుంటుందని నువ్వు రాసింది నిజమే. మొమో చెంప మీద సన్నని పగుళ్ళు వచ్చాయి, పాత పింగాణీ గిన్నె మీద వచ్చేలాంటివి. మెడ దగ్గర అతుకు విడిపోయింది.

కాని వదినా, అది వెనిగర్ వాసన కాదు. కర్పూరమే. యాయెని అడిగాను, "ఏం వాసనే ఇది?" అని. "బట్టల పెట్టెలో పురుగులు పట్టకుండా వేసేదాని వాసన" అంది. పిల్ల ముక్కు పాడవలేదు కదా.

ఇంకొకటి. నిప్పంటుకోని బొమ్మకి పొయ్యి భయం ఎందుకని నిన్నటి నుంచి అనుకుంటున్నాను. నువ్వు అలవాటు కొద్దీ రాసి ఉంటావు. నాకూ ఇలాంటి అలవాటొకటి ఉండిపోయింది. షెడ్డులో బొమ్మల అతుకులు చెక్కిన పొట్టుని తొట్టిలో వేసి, దాని మీద రోజూ సాయంత్రం నీళ్ళు పోసేవాళ్ళం కదా, ఒక్కో రోజు ఒక్కొక్కరి వంతు. పొట్టు ఆరితే ఎండకే అంటుకుంటుందని. ఇప్పుడు పొట్టూ లేదు, షెడ్డూ లేదు, అయినా పొద్దు వాలేసరికి వాకిట్లో తొట్టి అంచుదాకా నింపకపోతే నాకు అన్నం దిగదు. యాయె అడుగుతుంది, "మామ్మా, తొట్టికి దాహమా?" అని.

మిచి రోజూ వస్తోంది. పొద్దున పెట్టె దగ్గరికి వెళితే వాసన ముందు నాకే ఎదురొస్తుంది.

కినూ

*

యోత్సుగి,
1967 జనవరి 8

కినూ,

చేప ముక్కలు అందాయి. మా మేస్త్రి ఇంట్లో పండగ మోచీలు చేసుకుంటే నాకూ నాలుగు పెట్టారు. పళ్ళు లేని నోటికి ఆ జిగురు బియ్యపు ముద్ద కంటే శత్రువు లేదు.

పని ఎక్కువగా ఉంది. చేతులు కాలి బొబ్బలెక్కాయి, అందుకే పొడుగ్గా రాయలేను. పాత వస్తువుల గురించి మరీ ఆలోచించకు. యాయె బొమ్మకి కొత్త గౌను పంపుతున్నాను, ఈసారి పాలిస్టర్. ఉతికి దులిపి ఆరేస్తే చాలు, ఇస్త్రీ అక్కర్లేదు. ఇస్త్రీ పెట్టె బాగా కాలిస్తే మాత్రం కరిగి అంటుకుంటుంది.

సుగి

*

హిమి,
ఫిబ్రవరి 27

సుగి వదినకి,

నీ ఉత్తరం నాలుగు ముక్కలతో ముగిసింది. చేతులు నయమయ్యాయా?

నేనొక నిర్ణయానికి వచ్చాను. బొమ్మల పండగ అయ్యాక, మార్చి పన్నెండున ఇక్కడి గుళ్ళో పాత బొమ్మలకి మంత్రం చదివి మంటకి ఇస్తారు. మొమోని కూడా ఇచ్చేస్తాను. ఇన్నాళ్ళూ దాన్ని పట్టుకుని నేనే మిచిని కదలనివ్వకుండా కట్టేశానేమో అనిపిస్తోంది. సెల్యులాయిడ్ అయితే ఆ పని చచ్చినా చేయనని నీకు తెలుసు. అది ఎలా మండుతుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ఎసిటేట్ కదా, మెల్లగా ముడుచుకుని కరిగిపోతుంది. అలా పోతే చూడగలను.

పిల్లలే బొమ్మని మంటలో పెట్టాలని ఇక్కడి ఆచారం. పెద్దాయన, పూజారి, "చిన్న చేతుల్లోంచి వెళితే బొమ్మకి బెంగ ఉండదమ్మా" అన్నారు. యాయె పెడతానంది. మంట అంచున నిలబడి ఎలా పెట్టాలో ఇప్పటి నుంచే నా ఎదుట నడిచి చూపిస్తోంది. దానికి మిచి ఈడు వస్తోంది వదినా.

ఆ రోజుకి నువ్వూ రాగలవా?

కినూ

*

తంతి
టోక్యో నుంచి హిమికి, మార్చి 3

బొమ్మని మంటకి ఇవ్వొద్దు. పిల్ల చేతికి అసలే ఇవ్వొద్దు. ఉత్తరం వస్తోంది. సుగి

*

యోత్సుగి,
మార్చి 3

కినూ,

తంతి అందే ఉంటుంది. అది చూడగానే నీకు అనుమానం వచ్చి ఉంటుంది. ఈ ఉత్తరం రాశాక నన్ను వదినా అని పిలవాలో వద్దో నీ ఇష్టం.

మొమో ఎసిటేట్ కాదు. మామూలు సెల్యులాయిడ్. మనం అందరం చేసినదే, దాని కళ్ళు నువ్వే దిద్ది ఉంటావు. ఎసిటేట్‌లో కర్పూరం ఉండదు కినూ. సెల్యులాయిడ్‌ని మెత్తబరచడానికే కర్పూరం కలుపుతారు, అది ముసలిదై చస్తున్నప్పుడు ఆ కర్పూరం బయటికి పోతుంది. నువ్వు అక్టోబరులో కర్పూరం అని రాసినప్పుడే నాకు అర్థమైంది. నీ ముక్కు పాడైందని రాశాను. నీ ముక్కుకి ఏమీ కాలేదు.

ఇప్పుడు ఆ బొమ్మ కొత్తదాని కంటే ప్రమాదం. దాన్ని యాయె మంటలో పెట్టేలోపే అంటుకుంటుంది. నువ్వు రెండుసార్లు ఊపిరి పీల్చేంతలో అయిపోతుంది. ఇది రాయకుండా ఉండలేను. ఇది రాస్తే నువ్వేం అడుగుతావో నాకు తెలుసు. రెండూ తెలిసే రాస్తున్నాను.

రెండు ఊపిర్లలో కాలిపోయే బొమ్మ ఆ మంటలోంచి ఎలా బయటపడింది అని కదా.

అది మంటలో లేనే లేదు. నా ఏప్రన్ జేబులో ఉంది.

ఆ మధ్యాహ్నం మొమో చెయ్యి లోపలి రబ్బరు తెగింది. మిచి ఏడుపు మొహం పెట్టుకుని నా దగ్గరికి తెచ్చింది. పని అయ్యాక వేస్తాలే అని జేబులో వేసుకున్నాను. నువ్వు సరుకు బండితో వెళ్ళావు. తర్వాత సాయంత్రం పొట్టు ఉన్న మూల నుంచి మంట లేచింది. అందరం సందులోకి వచ్చాం. మిచి కూడా వచ్చింది. నా పక్కనే నిలబడింది. నేను పంపు దగ్గర బకెట్ పట్టుకుని ఉన్నాను. "అత్తా, మొమో ఏది?" అంది. "తర్వాతే, తప్పుకో" అన్నాను. జేబులో ఉన్న సంగతి గుర్తులేక కాదు, గుర్తుచేసుకోవడానికి తీరిక లేక. బకెట్ ఎత్తడానికి వంగాను. అప్పుడు బొమ్మ తల నా పొట్టకి గట్టిగా గుచ్చుకుంది. తలెత్తి చూసేసరికి మిచి నా పక్కన లేదు.

నా దగ్గరుందే అన్న ఒక్క మాట. అంతే కావాల్సింది.

మర్నాడు నీకు బొమ్మ ఇవ్వకుండా ఉండలేకపోయాను, నిజం చెప్పి ఇవ్వలేకపోయాను. అందుకే ఎసిటేట్ అని కథ అల్లాను. అది నీకు ఓదార్పు అయిందని చూసి, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఇన్నాళ్ళూ కూర్చున్నాను. మంటకి భయపడని బొమ్మల్ని రోజుకి నాలుగు వందలు పుట్టిస్తున్నాను. ఒక్కటీ ఆ లెక్కకి రాదు.

బొమ్మని ఎండకి, నిప్పుకి, అగరొత్తికి కూడా దూరంగా ఉంచు.

సుగి

*

హిమి,
మార్చి 14

సుగి గారికి,

ఉత్తరం అందింది. బొమ్మని గుడికి ఇవ్వలేదు. యాయె అలిగింది.

మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. మిచి ఆ మాట ఏడుస్తూ అడిగిందా, మామూలుగా అడిగిందా?

కినూ

*

యోత్సుగి,
మార్చి 18

కినూ,

మామూలుగానే అడిగింది. మంటంటే దానికి భయం వేయలేదు. అన్నానికి రమ్మంటే వచ్చే ముందు అడుగుతుందే, అలా అడిగింది.

సుగి

*

హిమి,
జూన్ 19

సుగి వదినకి,

మూడు నెలలు నీకు రాయలేదు. రాసి చించేసినవి ఏడెనిమిది ఉన్నాయి. వాటిలో నిన్ను ఏమన్నానో తెలిస్తే నువ్వు ఈ ఊరి రైలు ఎక్కవు. మిచి చివరి మాట నువ్వు విన్నావు, పదకొండేళ్ళు నాకు చెప్పకుండా దాచుకున్నావు. బొమ్మ సంగతి కంటే నాకు అదే ఎక్కువ కోపం. అది మామూలుగా అడిగిందని తెలియక నేను ఎన్ని ఏడుపులు విన్నానో నీకు తెలియదు.

వానలు మొదలయ్యాయి. ఇంట్లో ఇప్పుడు కర్పూరం వాసన లేదు. ఏదో ఘాటు, ముక్కు మండేలా. అంటే కర్పూరమంతా పోయిందన్నమాట. నువ్వు చెప్పక ముందు నుంచే నాకు తెలుసేమో వదినా. పదేళ్ళు సెల్యులాయిడ్ మీద కళ్ళు దిద్దినదాన్ని, ఆ వాసన తెలియకపోవడమేమిటి? ఎసిటేట్ అని నమ్మితే మిచి విసిరిందని నమ్మొచ్చు. అందుకని నమ్మాను. నువ్వొక్కదానివే కథ అల్లలేదు, నేను పక్కన కూర్చుని దారం అందించాను.

ఇప్పుడు నా వంతు.

ఆ రోజు పొట్టు మీద నీళ్ళు పోసే వంతు నాది. సరుకు బండి ముందే వచ్చిందని, ఒక్క రోజుకి ఏం మునిగిపోతుందిలే అని, పోయకుండా వెళ్ళిపోయాను. పోలీసులు అడిగినప్పుడు నువ్వు, "నీళ్ళు నేనే పోశాను, నా కళ్ళ ముందే పొట్టు తడిసింది" అన్నావు. అది అబద్ధమని నీకూ తెలుసు, నాకూ తెలుసు. నా మీద జాలితో అన్నావని నీకు ఇన్నాళ్ళూ దండం పెట్టుకున్నాను. ఇప్పుడనిపిస్తోంది, నువ్వు నీ జేబులోది దాచుకోవడానికి నా తొట్టిని కప్పావని. నిజమా అని అడగను. నీకే తెలిసి ఉండదు.

మొమో ఇక బతకదు. అతుకులన్నీ విడిపోయాయి. పాతిపెడితే ఎండాకాలం మట్టి వేడికి ఏమవుతుందో అని భయం. మంటకి ఇవ్వలేను. సెల్యులాయిడ్‌ని మనం ఎక్కడ నిద్రపుచ్చేవాళ్ళమో అక్కడే పెట్టాలి, నీళ్ళలో. నిన్న సాయంత్రం యాయెని వాళ్ళింటికి పంపి, వాకిట్లో తొట్టిని కడిగి, మొమోని లోపల కూర్చోబెట్టాను. పగుళ్ళలోంచి నీళ్ళు లోపలికి పోయి, తేలకుండా అడుగునే నిలిచింది. నేను సగం పోశాను. ఆ రోజు పోయాల్సిన నీళ్ళు. ఇన్నాళ్ళకి నా వంతు తీరింది. రాత్రి అన్నం తిన్నాను.

నీళ్ళు దాని రొమ్ము దాకా వచ్చాయి. తల ఇంకా పైనే ఉంది. తడి ఆరకుండా మధ్యమధ్య చూసుకుంటున్నాను గానీ పైన ఒక్క చుక్క కూడా పోయను. మిగతా సగం నీది. పొద్దున బండికి బయల్దేరితే సాయంత్రానికి వచ్చేస్తావు.

రావడం ఆలస్యం చేయకు. అది మన ఇద్దరినీ చూస్తూ కూర్చుంది.

నీ మరదలు,
కినూ